వేగపు కారుకు బయటి గాలి గొట్టం: లాభమెంత, నష్టమెంత?

బాగేపల్లి, ముళబాగిలు, పావగడ, హొసూరు ప్రాంతాల తెలుగు పల్లెలలో ఒకప్పుడు ఇంటి ముందు ఎడ్లబండి ఉండేది. తరువాత ట్రాక్టరు వచ్చింది. ఇప్పుడు బెంగళూరులో కొలువు చేసే కుమారులు సంక్రాంతికి, ఉగాదికి కారులో ఊరికి వస్తున్నారు. అసలైన స్పోర్ట్స్ కారు ఈ కుటుంబాలకు అందని మానిపండే. అందుకే వేగానికి పేరుపడిన పోలో జి.టి., ఆక్టేవియా వి.ఆర్.ఎస్. వంటి కార్లను నగరంలో సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారు. పోలో తయారీ మన దేశంలో 2022లోనే ఆగిపోయింది. అయినా పాత బండ్లకు గిరాకీ తగ్గలేదు.

కారు వచ్చిన కొన్నాళ్లకే రెండవ కోరిక మొదలవుతుంది. కంపెనీ అమర్చిన గాలి పెట్టెను తీసివేసి, బయట దొరికే ఇన్‌టేక్ గొట్టాన్ని, కోను ఆకారపు ఫిల్టరును బిగించాలన్నదే ఆ కోరిక. పికప్ పెరుగుతుందని, మైలేజీ కూడా వస్తుందని అమ్మేవారు చెబుతారు. వేలల్లో మొదలై అర లక్ష దాటే ధర పలికే సరుకులూ ఉన్నాయి. పంట డబ్బుతోనో, బ్యాంకు అప్పుతోనో కొన్న కారు విషయంలో ఈ మాటలను నమ్మవచ్చునా అన్నది ఇంటిల్లిపాదీ ఆలోచించవలసిన ప్రశ్న.

ఇంజను ఊపిరి లెక్క

ఇంజను పెట్రోలుతో మాత్రమే నడవదు, గాలితో కూడా నడుస్తుంది. ఒక కిలో పెట్రోలు సరిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 1.5 లీటర్ల ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు, రెండు చుట్లకొకసారి గాలి పీల్చే పద్ధతిలో, నిమిషానికి దాదాపు 4,500 లీటర్ల గాలిని లోపలికి లాగుతుంది. టర్బో ఉన్న ఇంజను అంతకంటె ఎక్కువ లాగుతుంది. ఈ గాలి దారిలో అడ్డు తగ్గితే బలం పెరుగుతుందన్నది సిద్ధాంతరీత్యా సత్యమే.

అయితే ఆ అడ్డు నేటి కార్లలో ఎంత ఉన్నది? కొత్త తరం కార్లను రూపొందించే ఇంజనీర్లు చల్లని గాలి విలువ తెలియనివారు కారు. చాలా కార్లలో కంపెనీ గొట్టం ముందు జాలీ వెనుక నుంచే బయటి గాలిని తీసుకొంటుంది. గాలి పెట్టె పెద్దదిగా, వంకర టింకరగా కనబడడానికి కారణం చప్పుడును అణచే గదులు అందులోనే ఉండడం. ఆ పెట్టెను తీసివేయగానే ముందుగా పెరిగేది బలం కాదు, శబ్దం. చెవికి వినబడిన గర్జనను యువకులు వేగంగా భ్రమిస్తారు. మార్పులేమీ చేయని ఇంజనుకు దీనివలన కలిగే అసలు లాభం సాధారణంగా స్వల్పమే. అదికూడా యాక్సిలరేటరును పూర్తిగా తొక్కినప్పుడే తెలుస్తుంది.

మైలేజీ మాటలో పస ఇంకా తక్కువ. ఈ విషయాన్ని అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్షించింది. కంప్యూటరు నియంత్రణ గల పెట్రోలు కార్లలో ఫిల్టరు బాగా మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగినంత తగ్గలేదని, వేగం అందుకోవడం మాత్రమే మందగించిందని తేల్చింది. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజీని తగ్గించనప్పుడు, శుభ్రమైన కంపెనీ ఫిల్టరును తీసి ఖరీదైనది వేస్తే మైలేజీ ఎక్కడి నుంచి వస్తుంది?

మూడు రకాలు, మూడు గుణాలు

అంగడిలో దొరికే సరుకు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది కంపెనీ పెట్టెలోనే అమరే ఫిల్టరు. ఇది కాగితానికి బదులు నూనె పట్టించిన నూలు పొరలతో ఉండి, కడిగి మళ్లీ వాడుకొనేందుకు వీలైనది. గొట్టం, పెట్టె మారవు కనుక దీని వలన ప్రమాదం తక్కువ, లాభమూ తక్కువే. కడిగిన తరువాత నూనె ఎక్కువ పట్టిస్తే అది గాలిని కొలిచే సెన్సరు మీద చేరి తప్పుడు లెక్కలు పుట్టిస్తుంది.

రెండవది బానెట్ కింద తెరిచి ఉంచే పొట్టి గొట్టం, కోన్ ఫిల్టరు. చూపుకు అందంగా ఉండేది, ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదే. దీని లోపమంతా వేడిలో ఉన్నది. గాలి వేడెక్కే కొద్దీ పలుచబడుతుంది. ఉజ్జాయింపుగా ప్రతి 3 డిగ్రీలకు 1 శాతం చొప్పున సాంద్రత తగ్గుతుంది. బళ్లారి ఎండలో బయట 40 డిగ్రీలు, ట్రాఫిక్‌లో ఆగిన కారు బానెట్ కింద 70 డిగ్రీలు ఉన్నదనుకొంటే, ఆ కోన్ పీల్చే గాలి దాదాపు 9 శాతం పలుచనిది. అడ్డు తగ్గించి సంపాదించిన బలాన్ని వేడి హరిస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత దీనికి చక్కగా సరిపోతుంది.

మూడవది పొడవాటి గొట్టంతో బంపరు వెనుకకో, చక్రం పక్కకో దిగే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. చల్లని గాలి విషయంలో మూడింటిలో ఇదే మేలు. అయితే రోడ్డుకు దగ్గరగా ఉండడమే దీని ముప్పు. 2021 నవంబరు వర్షాలకు కోలారు, చిక్కబళ్లాపుర, అనంతపురం, చిత్తూరు జిల్లాలలో చెరువులు అలుగులు పారి రోడ్లు మునిగిన సంగతి సరిహద్దు ప్రజలు మరువలేదు. బరంపురం, యానాం వంటి తీర ప్రాంతాలకు తుపానులు ఏటా తప్పని చుట్టాలు. అలాంటి నీటిలో దించిన కారు గొట్టం గాలికి బదులు నీరు పీల్చిందంటే, నీరు అణగదు కనుక లోపలి కడ్డీలు వంగిపోతాయి, ఇంజను క్షణంలో బిగుసుకుపోతుంది. మామూలు బీమా పాలసీలలో ఈ నష్టానికి పరిహారం సాధారణంగా రాదు. ఇంజను రక్షణ కోసం విడిగా ప్రీమియం కట్టి ఉండాలి. కట్టినా, బీమా సంస్థకు చెప్పకుండా గొట్టం మార్చి ఉంటే ఆ క్లెయిము వివాదంలో పడుతుంది.

అసలు శత్రువు దుమ్ము

బలం, శబ్దం, వేడి అనే మూడు మాటలకంటె సరిహద్దు పల్లెలకు ముఖ్యమైనది దుమ్ము. బళ్లారి, సండూరు దారులలో ఇనుప ఖనిజం లారీలు లేపే ఎర్రధూళి, పావగడ మెట్ట నేలల మట్టి, కోతల కాలంలో కళ్లాల నుంచి లేచే పొట్టు, ఇవన్నీ ఇంజను పీల్చే గాలిలో ఉంటాయి. మట్టిలోని సన్నని ఇసుక రేణువు ఇనుముకంటె గట్టిది. పిస్టను, సిలిండరు గోడల నడుమ ఉండే నూనె పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆ పొరలో చొరబడిన రేణువు ఆకురాయివలె రెండు వైపులా గీస్తూ పోతుంది. ఈ అరుగుదల ఒక్కరోజులో కనబడదు. కొన్ని వేల కిలోమీటర్ల తరువాత ఇంజన్ ఆయిల్ తరగడం, నీలిపొగ రావడం మొదలైనప్పుడు తెలుస్తుంది. అప్పటికి చేయి దాటిపోయి ఉంటుంది.

మంచి కాగితపు ఫిల్టరు పరీక్షలలో 99 శాతానికి మించి దుమ్మును పడుతుంది. కొంత దుమ్ము చేరిన కొద్దీ దాని పట్టు ఇంకా పెరుగుతుంది. గాలిని ధారాళంగా వదిలే ఫిల్టరు దుమ్మును కూడా కొంత ధారాళంగా వదిలే అవకాశం ఉన్నది. ఈ రెండు గుణాలను ఒకేసారి కొలిచే అంతర్జాతీయ పరీక్షా విధానం ఐ.ఎస్.ఓ. 5011. ఏ కంపెనీ ఫిల్టరైనా ఈ పరీక్షలో ఎంత గాలిని వదిలింది, ఎంత దుమ్మును ఆపింది అన్న రెండు అంకెలూ చూపాలి. మొదటి అంకె మాత్రమే చూపి రెండవది దాచే సరుకు కొనదగినది కాదు.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషను పత్రం భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ హైకోర్టు ఇచ్చిన సడలింపును తోసిపుచ్చి ఈ నియమాన్ని గట్టిపరచింది. అదే సంవత్సరం సవరించిన చట్టంలోని 182ఎ సెక్షన్ నాలుగవ ఉపవిభాగం, అనుమతి లేని విడిభాగాలు బిగించడాన్ని కూడా ప్రస్తావించి, ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునన్నది. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ కింద మొదటిసారి తప్పుకు మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, వాటితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి.

ఆర్.సి.లో గాలి ఫిల్టరు పేరు ఉండదు కదా అని వాదించేవారున్నారు. మాట నిజమే. కానీ కారుకు అనుమతి ఇచ్చింది కంపెనీ గొట్టంతో, కంపెనీ సైలెన్సరుతో పొగను, శబ్దాన్ని పరీక్షించిన తరువాతనే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాలు ఈ లెక్కను మరింత బిగించాయి. శబ్దం పెరిగితే తప్పించుకొనే దారి ఇరుకవుతుంది. పలు నగరాలలో పోలీసులు మార్చిన సైలెన్సర్లను ఊడదీసి రోడ్డు రోలర్లతో తొక్కించిన దృశ్యాలు అందరూ చూసినవే.

కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. అక్కడ పొగపై ప్రభావం చూపే బయటి విడిభాగానికి రాష్ట్ర వాయు వనరుల మండలి పరీక్షించి ఒక ఉత్తర్వు సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్య ఉన్న ఇన్‌టేక్‌ను ఏ కారుకు అనుమతించారో ఆ కారుకు బిగించుకోవచ్చును. అక్కడ స్థిరపడిన తెలుగు యువకులు పంపే ఫోటోలు, సలహాలు చూసి ఇక్కడ అదే సరుకు తెప్పించుకొనేవారు ఒక సంగతి గమనించాలి. ఆ సంఖ్య అక్కడి తనిఖీకే చెల్లుతుంది, మన రోడ్డు మీద కాదు.

సరిహద్దు వారికి మరొక చిక్కు ఉన్నది. కర్ణాటకలో రిజిస్టరైన కారును 12 నెలలకు మించి ఆంధ్రలోనో, తమిళనాడులోనో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి ఎన్.ఓ.సి.తోపాటు కారును కూడా అధికారికి చూపవలసి రావచ్చును. ముందటి యజమాని చేసిన మార్పులకు కొత్త యజమాని జవాబు చెప్పుకోవలసి వచ్చే సందర్భం అదే. యానాం కారు ఊరు దాటగానే ఆంధ్రలో ఉంటుంది, హొసూరు కారు కొద్ది దూరంలోనే కర్ణాటకలో ఉంటుంది. నంబరు ప్లేటు మారినా ఈ కేంద్ర చట్టం మారదు.

కొనదలచినవారికి

ఇన్ని చెప్పినా కోరిక తీరనివారు ఉంటారు. అలాంటివారు ముందుగా కంపెనీ పెట్టెలోనే అమరే ఫిల్టరుతో సరిపెట్టుకోవడం మంచిది. గొట్టం మార్చి తీరవలసి వస్తే, ఆ మోడలు కోసమే తయారైనదై ఉండాలి. గాలి సెన్సరు కూర్చునే చోటి వెడల్పు కంపెనీ గొట్టంతో సమానంగా ఉండాలి. అది మారితే సెన్సరు లెక్క తప్పి, ఇంజనుకు పెట్రోలు చాలక వేడెక్కే ప్రమాదం ఉన్నది. ఫిల్టరు చుట్టూ మూసిన పెట్టె, వేడిని ఆపే అడ్డు ఉండాలి. గాలి పీల్చే నోరు వరద నీటికి అందనంత ఎత్తున ఉండాలి. ఐ.ఎస్.ఓ. 5011 పరీక్ష అంకెలు కాగితం మీద ఉండాలి. బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలపాలి. కంపెనీ నుంచి వచ్చిన పెట్టెను, గొట్టాన్ని పాత సామాన్లవానికి వేయకుండా అటక మీద భద్రపరచాలి.

నిజమైన వేగం మీద మక్కువ గలవారికి వేరే చోటు ఉన్నది. చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో రేసు ట్రాకులు ఉన్నాయి. ఇన్‌టేక్‌కు, దానికి తగినట్లు మార్చిన ఇంజనుకు అర్థం అక్కడ ఉన్నది. బడి పిల్లలు, గొర్రెల మందలు దాటే పల్లె రోడ్డు మీద లేదు.

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు కాకుండా చూసుకోవలసింది కారు కొనే రోజుననే. సెకండ్ హ్యాండ్ కారుకు బయానా ఇచ్చే ముందు బానెట్ తెరిపించాలి. లోపల కోన్ ఫిల్టరు మెరుస్తూ కనబడితే, కంపెనీ గాలి పెట్టె ఎక్కడ ఉన్నదని అడగాలి. అది తెచ్చి బిగించి ఇచ్చేవానితోనే బేరం సాగించాలి. లేదన్నవాని వద్ద, ఆ కారు ఎన్ని వేల కిలోమీటర్లు దుమ్ము పీల్చిందో తెలియనందుకు ధర తగ్గించమనాలి, లేదా మరొక కారు చూసుకోవాలి.