ఆనపబుర్ర పారేసింది ఎవరు?

పోస్టు కొంచెం పొడుగే. చివరిదాకా చదివి, అప్పుడు తిట్టండి.

మొన్న ఒక చెల్లి పెరట్లో పాదుల ఫొటో పెడితే, కింద ఒక అన్న "డిగ్రీ చదివి మళ్లీ మట్టి పిసుక్కోడమేనా?" అని రాశాడు. చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. మా హాస్టల్ గదిలో నలుగురం అది చదివి మేమూ నవ్వాం. తర్వాత సిగ్గేసింది. ఎందుకో చెప్తాం.

ముందటేడు మాడుగుల బజార్లో బీర, ఆనప ప్యాకెట్లు కొన్నాం. రంగు పూసిన గింజలు. మొలిచాయి, బాగానే కాశాయి, అబద్ధం చెప్పం. ముదిరిన కాయలు ఎండబెట్టి గింజ తీసి పోయినేడు మళ్లీ వేశాం. ఒక తీగకి పొట్టి కాయ, ఇంకో తీగకి వంకర కాయ, ఒకదానికి అసలు కాయే లేదు. అప్పుడు పాత ప్యాకెట్ వెతికి చూస్తే ఎఫ్1 హైబ్రిడ్ అని రాసుంది. రెండు వేరు రకాల్ని కలిపి తీసిన మొదటి తరం గింజ అది. దాని పిల్లలు దానిలా రావు. అంటే ఏటా కొనాల్సిందే. కాలేజీ చదువుతున్న మేం ప్యాకెట్ మీద నాలుగు అక్షరాలు చదవలేదు.

అక్షరం ముక్క రాని మా నాయనమ్మ ఎప్పుడూ విత్తనం కొనలేదు. పొయ్యి మీద ఎండిన ఆనపబుర్ర వేలాడేది. అందులో బూడిద కలిపిన గుమ్మడి, బరబాటి, దోస, నల్ల చిక్కుడు గింజలు. పొగ తగిలి పురుగు పట్టేది కాదు. తొలి కాపులో మంచి కాయ కనిపిస్తే దానికి గుడ్డపీలిక కట్టేది. అది విత్తనానికి, ఎవరూ కోయకూడదు. ఆమె పోయాక ఇంటికి రేకులు వేయించినప్పుడు ఆ బుర్ర దించాం. మసి పట్టిందని పారేశాం. కంపెనీ వచ్చి పారెయ్యలేదు, సర్కారు వచ్చి పారెయ్యలేదు. మేమే. ఇప్పుడు ఆ నల్ల చిక్కుడు మా ఊళ్లో ఇంటింటికీ అడిగినా లేదు.

ఇది మా ఒక్క ఇంటి కథేనా? మనం ఆరేళ్లకే ఆశ్రమ పాఠశాలకి వెళ్లినవాళ్లం. విత్తే వేళకి జూన్‌లో బడి తెరుస్తారు. సంక్రాంతికి ఇంటికొచ్చేసరికి కోతలు అయిపోతాయి. గింజ ఎలా ఎంచుతారో, ఎలా దాస్తారో మన కళ్లముందు జరగలేదు. హాస్టల్ తప్పని అనట్లేదు. అది లేకపోతే, మా ఇళ్లలో మొదటిగా కాలేజీ గుమ్మం తొక్కిన మేం ఈ పోస్టే రాయలేం. కానీ నాయనమ్మకీ మనకీ మధ్య ఒక తాడు తెగింది. అది మనమే ముడెయ్యాలి.

ఇటుకల పండగ మనకి ఇప్పుడు వేట, థింసా, రోడ్డుకి కర్ర అడ్డం పెట్టి డబ్బులడగడం, రీల్స్. అసలు పని గుడి దగ్గర కదా! చైత్రంలో ఇంటింటి నుంచి విత్తనం తెచ్చి పూజలో పెట్టేది, ఏ ఇంటి గింజైనా ఊరి గింజే అని చెప్పడానికి. ఒకరింట్లో పోతే ఇంకొకరింట్లో దొరుకుతుంది. రేపు దేవుడి ముందు కూడా ప్యాకెట్ గింజే పెడితే, ఏం పంచుకుంటాం?

కొండకి అవతల కొరాపుట్‌లో పరజా ఆదివాసీ కమలా పుజారి దేశవాళీ వరి విత్తనాలు దాచింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో పోయింది. మన ఏజెన్సీలో పోర్జాలు మన పక్క ఊళ్లవాళ్లే. ఆమెకి పద్మశ్రీ వస్తే షేర్ చేశాం, మన ఇంట్లో ముసలమ్మ అదే పని చేస్తే "నాటు" అన్నాం.

"పెరడుతో కడుపు నిండుతుందా?" నిండదు. ఉద్యోగం కావాలి, భూమి హక్కూ కావాలి. కొండ దిగువ మన ఊళ్లు చాలా షెడ్యూల్డ్ ఏరియాలో లేవు, 1/70 రక్షణ లేదు. ఆ పోరాటానికి పాదులు బదులు కావు. కానీ ఆ పోరాటం చేసేవాడి ఇంట్లో కూర కూడా కొట్టు నుంచే రావాలా?

"నీళ్లేవి?" నిజమే, నీళ్లు మోసేది అమ్మలు. అందుకే పెద్ద తోట వద్దు, నాలుగైదు పాదులు చాలు. అంట్లు కడిగిన నీళ్లు పొయ్యండి. బిందె అన్నలూ తమ్ముళ్లూ ఎత్తండి, చెల్లెళ్ల మీద తొయ్యకండి.

ఈ సెలవుల్లో పని ఇది. జానెడున్నర గొయ్యి, అందులో చివికిన పెంట. ఆనప, బీర గింజలు రాత్రి నానబెట్టి పాదుకి నాలుగు వెయ్యండి, బలమైనవి రెండు ఉంచండి. బెండ, తోటకూర ఇప్పుడే. చిక్కుడు తొలకరికి. ఒక్కో తీగకి ఒక కాయ విత్తనానికి వదిలెయ్యండి. బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి.

గింజ దాచుకోడం, మార్చుకోడం చట్టం ఒప్పుకున్న హక్కు కూడా. 2001 మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ చదవండి. చదువుకున్నాం కదా, దీనికీ పనికిరావాలి.

జూన్‌లో హాస్టల్‌కి వచ్చేటప్పుడు ఒక్కొక్కరూ ఒక గుప్పెడు పాత గింజ కాగితంలో కట్టి తెండి. పైన ఊరి పేరు, ఇచ్చిన అమ్మమ్మ పేరు రాయండి. మార్చుకుందాం.

నల్ల గింజ, పక్కన తెల్ల గీత ఉన్న చిక్కుడు ఎవరింట్లోనైనా ఉంటే, పదంటే పది గింజలు ఇవ్వండి. పై ఏడు ఇరవై తిరిగిస్తాం.

జై ఆదివాసీ.