వీరగల్లు ముందు, హరప్పా తర్వాత

ఆరో తరగతి సాంఘికశాస్త్రం ఆదిమానవుడితో మొదలై, హరప్పా మీదుగా రాజవంశాలకు చేరుతుంది. కాలక్రమం ప్రకారం తప్పు లేదు. అయితే పదకొండేళ్ల పిల్లకు 4,500 ఏళ్ల కిందటి నగరమూ, తాత చూసిన కరువూ ఒకే దూరంలో ఉంటాయి. రెండూ వెనకటి రోజులే. ఆ వయసులో వంశాల వరుస కన్నా ముందు పట్టుబడవలసింది ‘ఇలా జరిగిందని ఎలా తెలిసింది?’ అని అడిగే అలవాటు. అందుకు ఆధారం కళ్లెదుట ఉండాలి.

తమిళనాడులోని ధర్మపురి జిల్లాకు ఆ కొరత లేదు. జిల్లాలోని ఏ. పళ్లిపట్టి ఊరి బడి పిల్లలను ధర్మపురి ప్రభుత్వ మ్యూజియానికి తీసుకెళ్తే అక్కడ వీరగల్లులున్నాయి. ఇలాంటి రాళ్లలో చాలావాటిని ఆలమందల కోసం జరిగిన పోరులో చనిపోయినవారి గుర్తుగా నిలబెట్టారు. వీరుడి చేతిలో ఏముంది, శాసనంలో రాజు పేరెందుకు చెక్కారు అన్నవాటికి జవాబు రాయి మీదే వెతకొచ్చు. తగడూరు (నేటి ధర్మపురి) రాజు అదియమాన్ కవయిత్రి అవ్వైయారుకు ఉసిరికాయ ఇచ్చిన కథ ఇక్కడి పిల్లలకు తెలిసిందే. పాట చెప్పే సాక్ష్యం వేరు, రాయి చెప్పే సాక్ష్యం వేరని చూపడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఈ ప్రాంతాన్ని ఒకప్పుడు ఏలిన నొళంబుల రాజధాని హేమావతి, నేటి ఆంధ్రప్రదేశ్‌లో, శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. రాష్ట్రాల సరిహద్దులు ఎంత కొత్తవో పటం మీద ఆ ఒక్క ఊరే చెబుతుంది.

ఇక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకు ఇందులో మరో మేలుంది. తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత వారి బడి చదువు తమిళం వైపు మరింత జరిగింది. ఇంట్లో విన్న ఊరి సంగతులు తెలుగులో, పరీక్షలో రాసే చరిత్ర తమిళంలో ఉండిపోతే రెండూ కలవవు. అవ్వను అడిగి తెలుసుకున్నది తరగతిలో తమిళంలో చెప్పమంటే కలుస్తాయి.

భూమి పాఠానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. 1792లో శ్రీరంగపట్నం సంధితో, ధర్మపురి ఉన్న బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. అలెగ్జాండర్ రీడ్ కింద థామస్ మన్రో ఇక్కడే రైతు నుంచి నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతిలో పనిచేశాడు; తర్వాత 1800లో దత్త మండలాలకు, అంటే నేటి రాయలసీమ వైపు, వెళ్లాడు. ఇంట్లో ఉన్న భూమి పట్టా తెమ్మంటే ఆ పాఠం సగం అయినట్టే: పేరు ఎవరిది, సర్వే నంబరు ఎందుకు, శిస్తు ఎవరికి? రాయలసీమలో మన్రోను దేవుడిలా తలచుకున్నవారున్నారు. అదే మన్రో 1807లో శిస్తును నాలుగోవంతు తగ్గించమని కోరవలసి వచ్చింది, భారం అంత ఉంది కనుక. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టినప్పుడే పిల్లలు వాదించుకుంటారు.

స్థానిక చరిత్రలో ఒక చిక్కు లేకపోలేదు. వీరగల్లును ఏదో ఒక కులం తనదనుకోవచ్చు. ఊరి కథ వంశ గౌరవంగా మారొచ్చు. అందుకే టీచరు కథను నమ్మమని చెప్పకుండా, ‘ఇది రాయిలో ఉందా, ఎవరైనా చెప్పిందా?’ అని విడదీయించాలి. దీనికి శిక్షణ కావాలి, ప్రశ్నపత్రంలో చోటూ కావాలి. రాజుల పేర్లకే మార్కులు పడుతున్నంతకాలం ఏ టీచరూ పిల్లలను మ్యూజియం బస్సు ఎక్కించడు. జూన్, జూలైల్లో ఊరి ఆధారాలతో మొదలుపెట్టి, ఆ తర్వాత హరప్పా ముద్రలకు వెళ్తే అదే పాఠ్యప్రణాళిక సరిపోతుంది. ముద్ర మీది లిపిని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారన్న మాట అప్పటికి పిల్లలకు వింతగా తోచదు, వాళ్లకు ఆసక్తి కలిగిస్తుంది.