అభిమానము – కృతజ్ఞత

2016లో 848 పరుగులు చేసి, సన్‌రైజర్స్ హైదరాబాదుకు ఐపీఎల్ విజయమును సమకూర్చిన నాయకుడు డేవిడ్ వార్నర్. 2021లో ఆరింట ఐదు పోటీలు ఓడగానే యాజమాన్యము ఆయనను నాయకత్వమునుండి తొలగించెను. పిమ్మట జట్టునుండియే విడిచెను. కారణము తనకు చెప్పలేదని వార్నరే వెల్లడించెను. పోచారము వంటి పల్లెలలోని అభిమానులు సైతము నొచ్చుకొనిరి.

“ఆట వ్యాపారము, మమకారము వీడుడు” అని వారికి వేదాంతము చెప్పువారున్నారు. సాంఖ్యము అభిమానమును అహంకార లక్షణముగా నిరూపించినది నిజమే; “మా వార్నర్” అనుటలో ఆ ఛాయ లేకపోలేదు. నాయకుని మార్చుట యజమానుల అధికారమే. కాని వైరాగ్యము ఎవరికివారు సాధించుకొనవలసినది. పరుల కృతఘ్నతకు కప్పు కాషాయము కాదు. ఉపకారికి కారణమైనా చెప్పి పంపుమనుట మోహమెట్లగును? 2022 మే నెలలో ఢిల్లీ పక్షమున ఆయన హైదరాబాదుపై 92 పరుగులతో అజేయుడై నిలిచినపుడు చప్పట్లు కొట్టిన హైదరాబాదీయులుంటే, వారిని తప్పుపట్టరాదు.