డయాలసిస్ గదిలో పులిమేకకు చోటివ్వండి

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేని కుటుంబాలు చాలా ఉన్నాయి. బరువు ఎంత పెరిగింది, నీళ్లు ఎన్ని తాగారు, క్రియాటినిన్ ఎంత అని మేం అడుగుతాం. ఆ నాలుగు గంటలూ మంచంమీద మనిషి ఏం చేస్తాడని మాత్రం అడగం. టీవీ, ఫోను, అవీ లేకపోతే పైన తిరిగే ఫ్యాను. డయాలసిస్ రోగుల్లో కుంగుబాటు ఎక్కువ. దానికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. వాటితోపాటు ఒక ఆట కూడా ఉండాలంటాను.

రాక్షసులు, డ్రాగన్ల చిన్న చిన్న బొమ్మల్ని బల్లమీద మోహరించి యుద్ధం ఆడేవాళ్లు విదేశాల్లో చాలామందే ఉన్నారు. బొమ్మ సైనికుల యుద్ధానికి నియమాలు రాసి ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ 1913లోనే ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం వేశాడు. తర్వాత వచ్చిన కొన్ని ఆటల నియమాలు చదవడానికే ఒక ఆదివారం పడుతుంది. ఒంట్లో బాగాలేని మనిషికి అరపేజీకి మించిన నియమాలు పనికిరావు. మన పులిమేక అరపేజీ కూడా ఉండదు. పాత గుళ్ల మండపాల్లో రాతిమీద చెక్కిన ఆ గీతల్ని మీరూ చూసే ఉంటారు.

మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే చోట్లు 23. ముందు పులులు కూర్చుంటాయి. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పక్కనున్న మేక అవతల ఖాళీ ఉంటే పులి దూకి దాన్ని చంపేస్తుంది. మేక ఎవర్నీ చంపలేదు. పులులకి కదిలే దారి లేకుండా చుట్టుముడితే మేకలదే గెలుపు. ఊరికో చిన్న తేడా ఉంటుంది, మొదలుపెట్టే ముందు ఒక మాట అనుకుంటే చాలు.

మా దగ్గర దీన్ని ఆడించి చూశాం. ఫిస్టులా ఉన్న చెయ్యి కదపకూడదు కదా, రెండో చేత్తో పావు జరపడానికి ఇబ్బంది లేదు. చిక్కల్లా ఇన్ఫెక్షన్‌తోనే. ఒకరు ముట్టుకున్న పావు ఇంకొకరు ముట్టుకోకూడదు. అందుకని ఇద్దరికీ చెరో అట్ట ఇచ్చి, 23 చోట్లకీ అంకెలు వేశాం. ‘పదకొండులో మేక’ అని ఒకరు అరిస్తే పక్క మంచం ఆయన తన అట్టమీద అదే పెట్టుకుంటాడు. మాట్లాడకుండా ఆడలేని ఆట అయింది. ఫోనుకి లేని గుణం ఇదే. ఎప్పుడూ మాట్లాడని ఒక కొబ్బరి రైతు, ‘పులిగా ఆడితే ఏటుంది బాబూ, అసలు పని మేకలతోనే ఉంది’ అన్నారు. ఆ మాటలో ఏదో అర్థం వెతకబుద్ధేసింది. ఆయన మాత్రం ఆట గురించే అన్నారు.

దీనివల్ల కిడ్నీ బాగుపడదు. డయాలసిస్ ఒక్కపూట కూడా తగ్గదు. అలాంటి ఆశలు పెట్టి కషాయాలు అమ్మేవాళ్లు మన ప్రాంతంలో ఇప్పటికే ఎక్కువ. ఆటలో పడి ఒంటిని మరవడం ఇంకా ప్రమాదం. కళ్లు తిరిగినా, చెమట పట్టినా, పిక్కలు పట్టేసినా ‘ఈ ఒక్క ఎత్తు అయ్యాక’ అనకుండా వెంటనే నర్సుని పిలవాలి. బీపీ పడిపోతూ ఉండొచ్చు.

ఇంట్లోవాళ్లకీ ఒక మాట. డయాలసిస్ లేని రోజున పిల్లల్ని తాతగారి దగ్గర కూర్చోబెట్టండి. ఫోన్లో తుపాకుల ఆట ఆడే పదో తరగతి కుర్రాడు మొదటి రెండాటలూ ఓడిపోతే మూడోది వాడే అడుగుతాడు. పందేలు మాత్రం వద్దు. దీనికి పులిజూదం అన్న పేరు ఊరికే రాలేదు.

పావులకి చింతపిక్కలు మేలు, ఆస్పత్రిలో ఆడాక పారేయొచ్చు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అందకుండా పెట్టండి, గొంతులో అడ్డం పడతాయి. పులులకి గులకరాళ్లు వాడండి. పలాస చుట్టుపక్కల చేతికి ముందు దొరికేవి పచ్చి జీడిపిక్కలే, కానీ అవి వద్దు. ఆ తొక్కలోని జీడినూనె అంటుకుంటే చర్మం బొబ్బలెక్కుతుంది.