బిడ్డ గుండె నిలిచియుండగా అవయవములను కాపాడు విధము



కువైటు దేశమునకు పనికై వెళ్లిన తెలుగువారిలో కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాలవారు అనేకులు. తోటలలోని మనవలెనే వారును జీవనోపాధికై స్వగ్రామమును విడిచినవారే. అట్టి కుటుంబములో ఒక బిడ్డకు పుట్టుకతోనే గుండెలోపము ఉన్నయెడల, తలిదండ్రులను మిక్కిలి కలవరపెట్టునది డాక్టరుగారి యీ మాట: “ఆపరేషను చేయునపుడు బిడ్డ గుండెను కొంతసేపు నిలుపుదుము.” తండ్రి కువైటులోను, తల్లి ఊరిలోను ఉండగా, టెలిఫోనులో ఈ మాట విని నిశ్చయింపలేక వారు కాలము గడపుదురు. ఆ ఆలస్యమే బిడ్డకు కీడు కావచ్చును. కావున గుండె నిలిచియుండగా తక్కిన అవయవములు ఏలాగు కాపాడబడునో తెలిసికొందము.

పుట్టు ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 8 లేక 9 మందికి ఏదో యొక గుండెలోపము ఉండును. కొన్ని లోపములు తమంతట తామే మానును. కొన్నిటికి ఆపరేషను కావలెను. కువైటులో ప్రభుత్వపు ఛాతీవ్యాధుల ఆసుపత్రియందు గుండె ఆపరేషనులు జరుగుచున్నవి. ఆంధ్రదేశమున తిరుపతిలో 2021 అక్టోబరునందు శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయము తెరువబడెను.

గుండె పనిని యంత్రమునకు అప్పగించుట క్రొత్త సంగతి కాదు. 1953 మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జాన్ గిబ్బన్ అను వైద్యుడు యంత్రసహాయముతో 18 ఏండ్ల యువతి గుండెలోని రంధ్రమును మూసెను. 1954లో మిన్నెసోటాయందు లిల్లీహై అను వైద్యుడు యంత్రమునకు బదులుగా, సాధారణముగా తండ్రి లేక తల్లి రక్తనాళములకే బిడ్డ రక్తనాళములను కలిపి ఆపరేషను చేసెను. అట్లు చేయబడిన 45 మందిలో 28 మంది బ్రదికి ఇంటికి వెళ్లిరి. నేడు ఆ భారమును యంత్రమే మోయుచున్నది. అది మలినరక్తమును తీసికొని, ప్రాణవాయువును చేర్చి, మరల దేహములోనికి పంపును.

అయినను చిన్నబిడ్డల విషయమున అధిక జాగ్రత్త కావలెను. 4 కిలోల శిశువు దేహములో ఉండు రక్తమంతయు సుమారు 340 మిల్లీలీటర్లే. యంత్రపు గొట్టములలోని ద్రవము కలియగా ఆ రక్తము పలుచనగును; గొట్టములను తాకుటచేత దేహమంతట వాపు పుట్టును. కావున చిన్నగొట్టములను వాడుదురు, అవసరమైనచో దాతల రక్తమును చేర్చుదురు, ఎక్కువైన నీటిని వడగట్టి తీయుదురు.

రెండవ కాపుదల చల్లదనము. కోసిన తేయాకు ఎండలో త్వరగా చెడును, చల్లని నీడలో నిలుచునని మనకు తెలియును. దేహమును చల్లబరచినచో దానికి కావలసిన ప్రాణవాయువు తగ్గును. 2016 జూలైలో 53.9 డిగ్రీల వేడిని చూచిన కువైటు వంటి దేశమునందును, ఆపరేషను గదిలో బిడ్డ దేహమును 37 డిగ్రీలనుండి అవసరమును బట్టి దించుదురు. మిక్కిలి కష్టమైన కొన్ని ఆపరేషనులలో 18 డిగ్రీల దాపునకు దించుదురు. పిమ్మట మెల్లమెల్లగా వెచ్చచేయుదురు. త్వరపడి వేడిచేసిన మెదడుకు హాని.

గుండెకు పొటాషియము కలిపిన చల్లని ద్రవమును ఎక్కించి విశ్రమింపజేయుదురు. మెదడునకు ప్రాణవాయువు చాలుచున్నదో లేదో నుదుట అంటించిన చిన్న పట్టీ తెలుపును. మూత్రపిండముల క్షేమము గంటగంటకు వచ్చు మూత్రమును కొలుచుటవలన తెలియును. అది తగ్గినచో కొన్నిదినములు కడుపులోనికి సన్నని గొట్టము వేసి దేహమును శుద్ధిచేయుదురు. ఆ గొట్టమును చూచి బిడ్డ చేయిదాటెనని తలిదండ్రులు అధైర్యపడరాదు.

తలిదండ్రుల పాలు కూడ కలదు. దగ్గు, జ్వరము, విరేచనములు ఉన్నచో దాచక చెప్పుడు. మీరు ఇచ్చుచున్న నాటుమందులను సయితము తెలుపుడు. ఆపరేషనుకు ముందు పాలు నిలుపుమన్న గడియనుండి జాలిపడి ఒక్క చెంచాయైనను త్రాగింపకుడి. “యంత్రముపై ఎంతసేపు? మెదడును, మూత్రపిండములను ఏలాగు కనిపెట్టుదురు?” అని వినయముతో, ధైర్యముతో అడుగుడు. ఇంటికి వచ్చిన పిమ్మట మూత్రము తగ్గినను, మూర్ఛ వచ్చినను, ఆయాసపడినను తెల్లవారువరకు ఆగకుడి.

అపాయము బొత్తిగా లేదని మేము చెప్పము. అయితే పెదవులు నీలమైన బిడ్డకు ప్రాణవాయువు కొరత దినదినము కలుగుచునేయున్నది. పాలు త్రాగునపుడు చెమట, ఆయాసము, బరువు పెరుగకపోవుట కనబడినచో వెంటనే డాక్టరుకు చూపుడు. చదువుకొన్నవారు దీనిని చదువెరుగని పొరుగువారికి చదివి వినిపింపుడు.