ఒకే కంటికి రెండు కెమెరాలు

ఫిలిం కెమెరా అంటే తాతలనాటి వస్తువనీ, దానికి అటకే గతి అనీ కొన్నేళ్ళ క్రితం అందరూ తేల్చేశారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్లు ఉన్న కెమెరాల్ని చాలామంది అమ్ముకున్నారు కూడా. తీరా ఇప్పుడు కాలేజీ కుర్రకారుకి ఆ పాత పెట్టె మీదే మళ్ళీ మోజు పుట్టింది. డిజిటల్ కెమెరా ఉన్నవాళ్ళే ఫిలిం కెమెరా కూడా ఒకటి కొనాలని ఉబలాటపడుతున్నారు.

సరదా తప్పని నేననను. అయితే ఆ సరదాకి పెట్టే డబ్బు మనది కాదు. చేలోనూ, చేపల చెరువు గట్టునా కన్నవాళ్ళు కష్టపడితే వచ్చింది. దివిసీమలో రూపాయి ఎలా పుడుతుందో మనలో ఎవరికి తెలియదు? అంచేత కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలని నా మనవి: మన దగ్గరున్న లెన్సు ఆ కెమెరాకి పడుతుందా, పడదా?

ఫిలిం కెమెరా బాడీ అనేది నిజానికి ఒక చీకటి పెట్టె. ఒక షట్టరు, వెలుతురు కొలిచే మీటరు, ఫిలిం తిప్పే యంత్రం - అంతే. బొమ్మను తీర్చేది లెన్సు. కన్ను అదీ! ఒకే కన్నుతో రెండు కెమెరాలు నడుస్తుంటే ఇంకో కన్ను కొనటం ఎందుకు? కానీ మన మిత్రులు చేస్తున్నదేమిటి? అందంగా ఉందనో, సినిమాలో హీరో మెడలో చూశామనో ముందు బాడీ కొంటారు. తరవాత దానికో లెన్సు, ఆ లెన్సుకో ఫిల్టరు. కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ!

కానన్ సంగతే చూడండి. 1976లో వచ్చిన ఏ.ఇ.-1 ముచ్చటైన కెమెరా, కాదనను. కానీ అది ఎఫ్.డి. మౌంటుది. 1987లో ఆ కంపెనీ ఇ.ఓ.ఎస్. కెమెరాలతో పాటు ఇ.ఎఫ్. అనే కొత్త మౌంటు తెచ్చింది. పాత దానికీ కొత్త దానికీ పొత్తు లేదు. కాబట్టి డిజిటల్ ఇ.ఓ.ఎస్. కెమెరా, ఇ.ఎఫ్. లెన్సు ఉన్నవాళ్ళు ఫిలిం ఇ.ఓ.ఎస్. బాడీనే వెతుక్కోవాలి. చూపుకి ప్లాస్టిక్ డబ్బాలా ఉంటుందని మోజుపడేవాళ్ళు తక్కువ. కాబట్టి బేరం కూడా తేలిక. ఫోకస్ దానంతటదే చేస్తుంది. అయితే ఇ.ఎఫ్.-ఎస్. అని రాసి ఉన్న లెన్సులు మాత్రం దానికి అసలు బిగవవు.

నికాన్ వారు 1959 నాటి ఎఫ్ మౌంటుని వదిలిపెట్టలేదు. అది చూసి అన్నీ అన్నిటికీ పడతాయనుకుంటే పొరపాటు. బిగుస్తాయి, నిజమే. పని చెయ్యాలి కదా! డి.ఎక్స్. లెన్సు డిజిటల్ కెమెరాలోని చిన్న సెన్సారు కోసం చేసింది. 36 మి.మీ. వెడల్పు ఉన్న ఫిలిం మీద దాని వెలుగు పూర్తిగా పరుచుకోదు, మూలలు నల్లబడతాయి. కెమెరాతో పాటు ఇచ్చే 18-55 లెన్సు ఈ జాతిదే. ఇక జి రకం లెన్సులకి ఎపర్చర్ రింగు ఉండదు. ఎఫ్.ఎం.2 లాంటి పూర్తి మెకానికల్ కెమెరాకి తగిలిస్తే ఎపర్చర్ అతి చిన్న రంధ్రం దగ్గరే ఉండిపోతుంది. అవే జి లెన్సులు ఎఫ్.80, ఎఫ్.100 కెమెరాల మీద చక్కగా పనిచేస్తాయి.

2018 నుంచి వచ్చిన నికాన్ జడ్, కానన్ ఆర్.ఎఫ్. మిర్రర్‌లెస్ లెన్సుల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. పాత నికాన్‌లో మౌంటు నుంచి ఫిలిం దాకా 46.5 మి.మీ. దూరం. జడ్‌లో అది 16 మి.మీ. మాత్రమే. అందువల్ల అడాప్టరు పెట్టి పాత లెన్సుని కొత్త కెమెరాకి వాడవచ్చు గాని, కొత్త లెన్సుని పాత కెమెరాకి వాడలేం.

మరి ఏం కొనమంటారు అంటారా? నా సలహా సూటిగా చెబుతాను. నికాన్ వారికి ఎపర్చర్ రింగు ఉన్న 50 మి.మీ. ఎఫ్/1.8 డి లెన్సు, దానితో ఎఫ్.ఎం.2 గాని ఎఫ్.80 గాని. ఎఫ్.ఎం.2కి బ్యాటరీ మీటరు కోసమే, అది అయిపోయినా షట్టరు పడుతుంది. డిజిటల్ బాడీలో ఫోకస్ మోటారు లేకపోతే ఈ లెన్సుని చేత్తో తిప్పుకోవాలి, అంతే. కానన్ వారికి ఇ.ఎఫ్. 50 మి.మీ. ఒక్కటి చాలు. చిన్న సెన్సారు మీద అదే లెన్సు 75, 80 మి.మీ. లెన్సులా దగ్గరగా చూపిస్తుంది. కూచిపూడిలో రంగస్థలం మీది అభినయానికి డిజిటల్, హంసలదీవి ఇసుకకీ పులిగడ్డ అక్విడక్టుకీ ఫిలిం. ఒక్క లెన్సు, రెండు చూపులు!

సెకండ్ హ్యాండు కొనేటప్పుడు వెనక తలుపు తీసి నల్లటి స్పాంజి జిగురుగా మారిందేమో చూడండి. లెన్సుకి వెనకనుంచి టార్చి కొట్టి లోపల సాలెగూడులా బూజు పట్టిందేమో గమనించండి. మన సముద్రపు గాలికి, కాలవ గట్ల చెమ్మకి ఆ బూజు ఊరికే పెరుగుతుంది. గాలి చొరబడని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు - ఈ చిన్న ఖర్చుకి వెనకాడవద్దు.

కొందరు పెద్దలు అడగవచ్చు: డిజిటల్ ఉండగా ఈ తద్దినం ఎందుకూ అని. న్యాయమైన ప్రశ్నే. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడింది. నేడు మనం కొనే కొడాక్, ఇల్ఫోర్డ్ రీళ్ళు సముద్రాలు దాటి రావలసినవే. ఖర్చు ఎక్కువ. నలుపు తెలుపు రీలు ఇంట్లో కడుక్కుందామన్నా మందు నీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉంచాలి. మన వేసవిలో ఐసు ముక్కలు లేనిదే ఆ పని జరగదు.

అయినా నేను ఫిలిం వైపే ఒక ఓటు వేస్తాను. కారణం చెబుతాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మనుషులతో పాటు ఇళ్ళలో గోడలకున్న పటాలు కూడా పోయాయి. ఉప్పెనకి ముందు తన తల్లి ఎలా ఉండేదో చూపించే ఒక్క ఫోటో లేనివాళ్ళు ఈ సీమలో ఎందరు లేరు? ఉప్పు నీరు నెగెటివ్‌ని కూడా పాడుచేస్తుంది. ఫోను పోతే అందులోని వెయ్యి ఫోటోలూ పోతాయి. కనుక ఒకే జ్ఞాపకం రెండు రూపాల్లో, రెండు ఊళ్ళలో ఉండాలి. డిజిటల్ ప్రతి ఒక చోట, నెగెటివ్ మరో చోట. పైగా 36 బొమ్మలే ఉన్నాయంటే మనిషి నొక్కేముందు చూస్తాడు, తీసినవాటికి పేరూ తేదీ రాసుకుంటాడు.

ఇందుకు ప్రతి విద్యార్థీ ఒక కెమెరా కొననక్కరలేదు. యూనియన్ నిధితో ఒక కానన్, ఒక నికాన్ ఫిలిం బాడీ ఉంచితే చాలు. లెన్సులు మన దగ్గర ఎలాగూ ఉన్నాయి. ఏడాదికి నాలుగు రీళ్ళు కొని, మన లంకల్నీ, రేవుల్నీ, ముసలివాళ్ళ ముఖాల్నీ తీసి నెగెటివ్‌లు కళాశాల గ్రంథాలయంలో భద్రపరిస్తే, ముప్పై ఏళ్ళ తరవాత ఈ బెంచీల మీద కూర్చునేవాళ్ళు మనల్ని తలుచుకుంటారు. బాడీలు పాతబడతాయి, పోతాయి. మంచి లెన్సు, మంచి నెగెటివ్ మిగులుతాయి. వచ్చే ఏటి బడ్జెట్ వేసే మిత్రులు ఈ మాట కాస్త ఆలోచించాలి.