మెయిల్ పంపితే సరిపోదు.. చేరాలి!

పాలకొల్లు పక్కనే ఉన్న నరసాపురం లేసు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇలాంటి సరుకును దూరప్రాంతాలకు అమ్మే చిన్న వ్యాపారికి ఈమెయిల్ చవకైన దారి. మరి ఆ మెయిల్ స్పామ్‌లో పడితే? అక్కడే మీకు పని ఉంది.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. పంపేవారు తమ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ధ్రువీకరణ పెట్టుకోవాలి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారికైతే ఈ రెండూ, వాటితోపాటు డీమార్క్ కూడా తప్పనిసరి. వాళ్ల ప్రచార మెయిళ్లలో ఒక్క క్లిక్‌తో 'ఇక వద్దు' అనే వీలుండాలి. స్పామ్ ఫిర్యాదులను 0.3 శాతం దాకా రానివ్వకూడదని గూగుల్ చెబుతోంది. అంటే వెయ్యి మందిలో ముగ్గురు విసుక్కున్నా ముప్పే! అందుకే ఎక్కడో కొన్న అడ్రసుల జాబితా లాభం కాదు, గుదిబండ.

ఎంతమంది తెరిచారన్న లెక్కనూ పూర్తిగా నమ్మొద్దు. 2021లో యాపిల్ తెచ్చిన గోప్యతా సదుపాయం వల్ల, మనిషి చూడకపోయినా మెయిల్ తెరిచినట్టే నమోదు కావచ్చు. జవాబులు, ఆర్డర్లే అసలు కొలమానం.

మీరేం చేయొచ్చు? తెలిసిన ఒక దుకాణంతో మొదలుపెట్టండి. కొనుగోలుదారుల అనుమతితోనే అడ్రసులు తీసుకోండి. టోకు, చిల్లర వాళ్లను విడదీయండి. సబ్జెక్ట్‌లో సరుకు పేరే సూటిగా రాయండి. మూడు నెలలపాటు జవాబులు, ఆర్డర్లు, 'వద్దు' అన్నవాళ్ల సంఖ్య రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో 'డిజిటల్ మార్కెటింగ్ వచ్చు' అనేకంటే, ఆ కాగితం చూపిస్తే మీ మాటకు విలువ ఎక్కువ.